అక్క సగటు దాటిన పిల్ల

దుర్గికి దగ్గర్లో ఉన్న ఒక హైస్కూల్లో నేను పీఈటీని. ఊళ్లో వాళ్లు డ్రిల్లు టీచరమ్మ అంటారు. మా స్కూల్లో ఆడపిల్లలు బేస్‌బాల్ ఆడతారంటే కొత్తవాళ్లు ఒక పట్టాన నమ్మరు, క్రికెట్ అయ్యుంటుందిలే అంటారు. నేను చదువుకునే రోజుల్లో మా డ్రిల్లు సారు ఎక్కడో శిక్షణకు వెళ్లి ఈ ఆట నేర్చుకొచ్చారు. కబడ్డీకీ ఖోఖోకీ ప్రతి స్కూలూ పోటీకి వస్తుంది, ఇందులో అయితే పోటీ తక్కువ, మా పిల్లలు జిల్లా దాటి వెళ్లగలరు అని ఆయన ఆలోచన. అది నిజమే అయింది. నేను కూడా ఆ ఆట వల్లే ఈ ఉద్యోగంలోకి వచ్చాను.

అప్పుడు మా జట్టులో ఒక అక్క ఉండేది. నాకంటే రెండు క్లాసులు పెద్ద. వాళ్ల నాన్న నాపరాళ్ల క్వారీలో రాయి కొట్టేవాడు. అక్క బ్యాట్ పట్టుకుని నిలబడితే మేము కూర్చున్నచోట కూర్చోలేకపోయేవాళ్లం. బంతి అలా వస్తుందో లేదో బ్యాట్ ఇలా తిరిగిపోయేది. ఆ చప్పుడు విని పక్క తరగతుల పిల్లలు కిటికీల్లోకి వచ్చేవాళ్లు. నేను ఆమె నీళ్ల సీసా మోసేదాన్ని, ఆమెలాగే జడ వేసుకునేదాన్ని. ఆమె భయమన్నది ఎరగదని అందరికీ చెప్పేదాన్ని.

సారు దగ్గర పొడుగాటి నోటుపుస్తకం ఒకటి ఉండేది. ప్రతి మ్యాచ్ తర్వాత ఎవరెన్ని వంతులు బ్యాటింగుకు నిలబడ్డారో, అందులో ఎన్నిసార్లు కొట్టి, పరిగెత్తి బేస్ అనే మైదానపు మూలకు చేరారో రాసి, రెండోదాన్ని మొదటిదానితో భాగించేవారు. అదే సగటు. పది వంతుల్లో రెండుసార్లు కొడితే మాకు గొప్ప. అక్క నాలుగు దాటేది. ఒక్క ఏడాది కాదు, స్కూల్లో ఉన్నన్నాళ్లూ దాటింది. సారు రిటైరైన రోజు ఆ పుస్తకాన్ని నా చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ ఏ పిల్ల బాగా ఆడినా నేను ఆ పుస్తకం తెరిచి అక్క వరసతో పోల్చి చూసేదాన్ని. ఎవరూ దరిదాపుల్లోకి వచ్చేవాళ్లు కాదు. అది నాకు లోపల సంతోషంగానే ఉండేది.

ఆ తర్వాత ఈ పిల్ల వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉండేది, ఎడంచేతి వాటం. నాన్న నాపరాళ్ల లోడు లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. తల్లి కూలికి వెళ్తుంది. ఎనిమిదో తరగతిలో జట్టులోకి వచ్చి, తొమ్మిదికల్లా జట్టులో అందరికంటే బాగా ఆడేది. పదో తరగతిలో, డిసెంబరులో, జోనల్ పోటీలు అయ్యాక నేను లెక్క వేసుకుంటే ఆమె సగటు అక్క సగటు దాటింది. దాటింది కొంచెమే. నేను ఒకటికి మూడుసార్లు భాగించి చూశాను.

పిల్లలు కేకలు పెట్టారు. నేను కూడా మెచ్చుకున్నాను కానీ, మెచ్చుకున్న నోటితోనే అక్క రోజుల్లో హెల్మెట్లు లేవన్నాను. ఈ తేలికపాటి అల్యూమినియం బ్యాట్లూ లేవు, వినుకొండ వడ్రంగి చేసిన బరువు కర్రతో ఆడిందన్నాను. ఒకసారి అని ఊరుకున్నా బాగుండేది. వారమంతా అన్నాను. రోజూ సాయంత్రం ఇంటికెళ్లి, ఈ పిల్ల కొట్టినవాటిలో బ్యాట్ మహిమ వల్ల వచ్చినవి ఇన్నని తీసేసి మళ్లీ సగటు కట్టేదాన్ని. తీసేస్తే అక్క పైకి వచ్చేది. కానీ అప్పట్లో బాల్ వేసే పిల్లలు ఇప్పటివాళ్లంత వేగంగా వేసేవాళ్లు కాదు కదా, గుంతల గ్రౌండులో ఎదుటివాళ్లు వదిలేసిన బంతులు కూడా అక్క ఖాతాలో పడ్డాయి కదా అని తోచేది. అవి కూడా తీసేస్తే ఈ పిల్ల పైకి వచ్చేది. అక్కడ పుస్తకం మూసేసేదాన్ని.

ఆ ఆదివారం పొద్దున్నే ప్రాక్టీసు పెట్టాను. స్కూలుకు సెలవు, గ్రౌండులో నేనూ పదిమంది పిల్లలూ తప్ప ఎవరూ లేరు. నేను మళ్లీ అక్క మాటేదో ఎత్తాను. ఆ పిల్ల హెల్మెట్ తీసి కింద పెట్టింది.

"ఆ కర్ర బ్యాట్ ఇవ్వండి టీచర్. నేను కూడా ఆమె ఆడినట్టే ఆడతా. అప్పుడు చూసి చెప్పండి" అంది.

వద్దని ఉండాల్సింది. నేను స్టోర్ రూము తాళం తీసి, ఆ పాత బ్యాట్ తెచ్చి, దుమ్ము తుడిచి ఆమె చేతికిచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పుడు ఎంత చెప్పుకున్నా తక్కువే. చూడాలనిపించింది. అంతే.

రెండు బంతులు కొట్టింది. మూడో బంతి, తొమ్మిదో తరగతి పిల్ల వేసింది, చెయ్యి జారి పైకి లేచింది. బరువు బ్యాట్‌తో ఈ పిల్ల వెనక్కి తప్పుకోవడం ఆలస్యమైంది. చెవి పైన, కణతకు కాస్త వెనక తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. మోకాళ్ల మీద కూలబడి, వెంటనే లేచి నిలబడి, ఏం కాలేదు టీచర్ అని నవ్వింది. నేను నీళ్లు తాగించి, తడి గుడ్డ పెట్టి, వేపచెట్టు నీడన కూర్చోబెట్టాను. వాపు చిన్నదే. బాల్ వేసిన పిల్ల ఏడుస్తుంటే ఊరుకోబెట్టాను. హమ్మయ్య అనుకున్నాను కూడా.

పావుగంట తర్వాత ఆ పిల్ల నన్ను మ్యాచ్ అయిపోయిందా అని అడిగింది. ఈరోజు మ్యాచ్ లేదుగా అన్నాను. ఊ అంది. కాసేపాగి మళ్లీ అదే గొంతుతో, అదే మాట అడిగింది.

"మ్యాచ్ అయిపోయిందా టీచర్?"

నేను లేచి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె పక్కకు వంగి వాంతి చేసుకుంది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇంకో కేసు మీద ఉంది, టైం పడుతుందన్నారు. రోడ్డు మీద పోతున్న ఆటోను ఆపి ఎక్కించాను. వాళ్లమ్మ రోడ్డు పక్క చేలో మిరప మొదటి కోతకు వెళ్లిందని పిల్లలు చెప్పారు. చేను దగ్గర ఆటో ఆపి పిలిస్తే పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. కూతురి తల ఒళ్లో పెట్టుకోబోయి ఆగిపోయింది. చేతుల నిండా మిరపకాయల ఘాటు. ముఖం తాకితే కళ్లు మండుతాయని రెండు చేతులూ గాల్లోకి ఎత్తిపట్టుకుని కూర్చుంది. మాచర్ల దాకా అలాగే ఎత్తిపట్టుకుని, కూతురి పేరు పిలుస్తూనే ఉంది. పిల్ల ఒక్కోసారి పలికేది, ఒక్కోసారి పలికేది కాదు. పలకనప్పుడల్లా తల్లి నా ముఖం చూసేది. నేను రోడ్డు చూసేదాన్ని.

మాచర్లలో డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, స్కాన్ తీయాలి, నరసరావుపేట తీసుకెళ్లండి అన్నాడు. చీటీ రాస్తూ, హెల్మెట్ పెట్టుకోలేదా అని అడిగాడు. తల్లి పక్కనే ఉంది.

"పెట్టుకుందండీ. ఊడిపోయింది" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. స్ట్రెచర్ మీద ఆ పిల్ల సగం కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. విన్నదో లేదో తెలియలేదు.

గురజాల, పిడుగురాళ్ల మీదుగా పేటకు అంబులెన్సులో వెళ్లాం. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆ తల కదలకుండా నేను పట్టుకునేదాన్ని. నా చేతుల్లో ఒక ప్రాణం ఉందని, అది నా వల్లే ఇలా ఉందని తెలిసి పట్టుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. పిల్లకేమన్నా అయితే అన్న ఆలోచన మొదలయ్యేది, నేను దాన్ని చివరిదాకా పోనిచ్చేదాన్ని కాదు. దాని వెనకాలే ఇంకో ఆలోచన వచ్చేది. వాళ్ల బాబాయిలు, ఊళ్లో వాళ్ల మనుషులు, స్కూలు గేటు, పోలీసులు. పిల్ల కోసం ఎంత భయపడ్డానో నా కోసం కూడా అంతే భయపడ్డాను. ఆ మాట దాచుకోను.

స్కాన్‌లో చెవి పైన ఎముక సన్నగా చిట్లిందని, లోపల కొంచెం రక్తం చేరిందని తేలింది. ఇప్పటికైతే ఆపరేషన్ అవసరం లేదు, రేపు పొద్దున మళ్లీ స్కాన్ తీస్తాం, రక్తం పెరిగితే గుంటూరు పంపిస్తాం అన్నారు. గంటకోసారి లేపి పేరు అడగాలి, కళ్లు చూడాలి. తల్లి అప్పటికి చేతులు ఎన్నిసార్లు కడుక్కుందో. కూతురి పాదాలు మాత్రమే పట్టుకుని కూర్చుంది. ఎట్టా తగిలిందమ్మా అని అడిగితే ఆ పిల్ల కళ్లు మూసుకునే, హెల్మెట్ ఊడిపోయిందమ్మా అంది. నేను మాచర్లలో ఏ మాట అన్నానో అచ్చంగా అదే. నేను లేచి వరండాలోకి వెళ్లిపోయాను. అక్కడ గోడకు ఆనుకుని నిలబడితే నా బుర్రలో ఒక పిచ్చి లెక్క తిరుగుతోంది. బంతి ఒంటికి తగిలితే ఆ వంతు లెక్కలోకి రాదు. ఊరికే మొదటి బేస్‌కు పంపించేస్తారు. సగటు తగ్గదు, పెరగదు. పిల్ల లోపల అలా పడుకుని ఉంటే నేను ఆ సంగతి ఆలోచించాను.

పేటలో నాకు తెలిసిన మనిషి ఒక్కతే. అక్క. పెళ్లయ్యాక ఇక్కడే బట్టలు కుట్టే షాపు పెట్టుకుంది. ఏడాదికోసారి ఫోన్లో మాట్లాడుకుంటాం. ఫోన్ చేసి చెప్పగానే, మధ్యాహ్నం మూడింటికి క్యారియర్‌లో అన్నం తీసుకుని వచ్చింది. కాస్త ఒళ్లు చేసింది, కళ్లద్దాలు పెట్టుకుంది. పిల్లను చూసి, తల్లితో నాలుగు ముద్దలు తినిపించి, నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. ఎట్టా జరిగిందని అడిగింది. ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. మొత్తం చెప్పాను. సగటు సంగతి, ఆ పిల్ల దాటిన సంగతి, నేను వారమంతా అన్న మాటలు, కర్ర బ్యాట్.

అక్క కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ తర్వాత అడిగింది.

"ఆ పుస్తకంలో నాకెన్నిసార్లు తగిలిందో ఉందా?"

నాకు అర్థం కాలేదు. లెక్కల కోసం తీసుకున్న పేజీ ఫోటో నా ఫోన్లో ఉంది. పెద్దది చేసి చూశాను. అక్క పేరుకు ఎదురుగా, కుడి అంచున ఒక సన్నని గడి. పైన 'త' అని ఒక్క అక్షరం. గడిలో పెన్సిల్‌తో గీతలు. ఇన్నేళ్లూ అది కొట్టివేతలనో, సారు ఏదో సరిచూసుకున్న గుర్తులనో అనుకున్నాను. 'త' అంటే తగిలింది అని. లెక్కపెట్టాను. పదకొండు ఉన్నాయి.

"రెండోసారి ఇక్కడ తగిలింది" అని మెడ కింద ఎముక చూపించింది అక్క. "ఇంట్లో చెప్పలా. చెప్తే మాన్పిస్తారు. మానేస్తే ఆదివారాలు క్వారీకి పోవాలి. మ్యాచ్‌లకు పోతే రెండు రోజులు అన్నం పెడతారు, రాళ్లు మొయ్యక్కర్లా. అందుకని నిలబడ్డా."

నువ్వు ఎప్పుడూ భయపడలేదు కదక్కా అన్నాను. ఏదో ఒక్కటి మిగలాలని అడిగినట్టు అడిగాను.

"చానా భయం. బాల్ వేసే పిల్ల చేతిలోంచి అది రాకముందే ఊపేసేదాన్ని. తొందరగా అయిపోతే చాలని. బ్యాట్‌కు తగిలితే తగిలేది. మీరేమో చప్పట్లు కొట్టేవాళ్లు."

ఆ ఊపుడును ఇరవై ఏళ్లుగా నేను ధైర్యం అనుకుంటూ వచ్చాను. దాన్ని కొలబద్ద చేసి పిల్లల ముందు పెట్టాను. అక్క నన్ను తిట్టలేదు. వాళ్లమ్మకు చెప్పమంది. రేపు స్కాన్ చూసి చెప్తానన్నాను.

"రిపోర్టు బాగా వచ్చాక చెప్తే అది చెప్పినట్టు కాదే" అంది.

అక్క వెళ్లిపోయాక కూడా గంటసేపు నేను కదల్లేదు. చివరికి, ఇంకా వెలుగు ఉండగానే, తల్లిని వరండాలోకి పిలిచాను. హెల్మెట్ ఊడిపోలేదని చెప్పాను. పిల్ల తీసేసింది, నేను ఆపలేదు, ఆ బ్యాట్ నేనే తెచ్చిచ్చాను అని చెప్పాను. ఎందుకని అడుగుతుందేమోనని, అక్క సంగతి, సగటు సంగతి కూడా చెప్పబోయాను. ఆమెకు అవేమీ అక్కర్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకేసి చూసింది.

"నాకెందుకు చెప్పావమ్మా ఇది? చెప్పకపోతే ఆ బాల్‌ని తిట్టుకుంటా ఉండేదాన్ని. ఇప్పుడు నిన్ను తిట్టుకోవాల. రేపు నువ్వే గదా దాన్ని గుంటూరు తీసుకపోవాల్సింది, అక్కడ నాకేం తెలుసు."

ఆమె లోపలికి వెళ్లబోతూ ఆగి, వెనక్కి తిరగకుండానే ఇంకో మాట అంది.

"వాళ్ల నాన్నకి చెప్పబాక. ఊరుకోడు."

పొద్దున స్కాన్‌కు పిల్లను తీసుకెళ్లాక తల్లీ నేనూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఇద్దరు కూర్చునేంత ఖాళీ వదిలి కూర్చున్నాం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం లేచేవాళ్లం. రక్తం పెరగలేదన్నారు. అయిదు రోజులు ఉంచి, తర్వాత ఇంటికి పంపిస్తామన్నారు. తల్లి అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

తండ్రి బెంగళూరు వైపు లోడు దించి మర్నాడు వచ్చాడు. పొడుగాటి మనిషి, లారీ దుమ్ము ఇంకా వంటి మీదే ఉంది. కూతుర్ని చూసి బయటికి వచ్చి, నా ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. సమయానికి తీసుకొచ్చారు మేడం, మీరు లేకపోతే నా బిడ్డ లేదు అన్నాడు. తల్లి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నేను ఏదో గొణిగాను. ఆ రెండు రోజుల్లో నేను పడ్డ భయాలన్నిటిలో ఆ దణ్ణం పెట్టించుకున్న నిమిషం పెద్దది.

నెల తర్వాత ఆ పిల్ల స్కూలుకు వచ్చింది. ఆటకు రాలేదు, పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. నేను కనిపిస్తే మామూలుగానే నమస్తే చెప్పేది. నేను క్షమించమని అడిగితే, హెల్మెట్ తీసేసింది నేనే కదా టీచర్ అంది. అంతకంటే ఎక్కువ మాట్లాడనివ్వలేదు. ఆ నెలలన్నీ స్కూలు ముందు లారీ ఆగిన చప్పుడైతే నేను కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. ఒకటి రెండుసార్లు వాళ్ల నాన్నే, దారిలో పోతూ హారన్ కొట్టి నాకు చెయ్యి ఊపి వెళ్లాడు.

పరీక్షలైన వారానికి లారీ వచ్చి గేటు ముందు ఆగింది. ఈసారి హారన్ కొట్టలేదు. ఆయన దిగి, గ్రౌండుకు అడ్డంగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరు. ఆయనకు సంగతి తెలిసిందని నడక చూడగానే అర్థమైంది.

"పాప చెప్పింది మేడం. ఆ రోజు హెల్మెట్ ఊడలేదంట గదా."

ఊడలేదండీ, పెట్టుకోలేదు, నేను ఆపలేదు అన్నాను.

"మా ఆవిడకి ముందే తెలుసంట."

తెలుసన్నాను.

"అందరికీ తెలుసు. నేనేమో మీకు దణ్ణం పెట్టి పోయా."

ఆయన గొంతు పెంచలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. గొంతు పెంచితే బాగుండుననిపించింది. ఎవరో పెద్దామె కంటే బాగా ఆడతానని చూపించడానికి తీశానని పాప చెప్పిందన్నాడు. ఇంతకీ ఆమె కంటే మా పిల్ల బాగా ఆడిద్దా అని అడిగాడు. నేను ఆ ప్రశ్నకు వారం పాటు లెక్కలు వేసినదాన్ని. ఆయనకు నచ్చే జవాబు ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ రెండు సగటులూ, పదకొండు గీతలూ కళ్ల ముందు నిలిచాయి.

"తెలియదండీ" అన్నాను.

"తెలీకుండానే నిలబెట్టారు" అన్నాడు.

అది ప్రశ్న కాదు. ఇంకే పిల్లనీ అట్టా నిలబెట్టబాకండి అని చెప్పి వెనక్కి తిరిగాడు. లారీ వెళ్లిపోయేదాకా నేను కదలకుండా నిలబడి, ఆ తర్వాత ఆ మట్టిలోనే కూర్చుండిపోయాను.

ఆ పిల్ల ఇప్పుడు మాచర్లలో ఇంటర్ చదువుతోంది. కుడి చెవిలో అప్పుడప్పుడూ గుయ్యిమంటుందట. ఆట మానేసింది. నేను మానలేదు, నా ఉద్యోగం అదే కాబట్టి. కొత్త పిల్లలు వచ్చారు. హెల్మెట్ పట్టీ నేను స్వయంగా బిగించి లాగి చూసిందాకా ఎవరికీ బ్యాట్ ఇవ్వను. అయినా బంతి చేతిలోంచి బయటపడగానే నా కళ్లు మూసుకుపోతాయి. మొన్న ఒక పిల్ల కొట్టిన బంతి లోపల పడిందో గీత దాటిందో నేను చెప్పలేకపోయాను. మీరు చూడలేదా టీచర్ అని అడిగితే, మళ్లీ వేయించమన్నాను.